పరుపుకి ఇస్త్రీ

నడకదారి హాస్టల్లో అడుగుపెట్టగానే మంచం మీద కూలబడ్డాడంటే వాడు కొత్తవాడని లెక్క. అనుభవమున్నవాడు సంచిని నేల మీద పెట్టడు, మంచం మీద అసలే పెట్టడు. గోడకి మేకుంటే తగిలిస్తాడు, లేకపోతే భుజాన మోస్తూనే నిలబడతాడు. పరుపు మూలలెత్తి చూస్తాడు. కుట్టు వెంట వేలు పోనిస్తాడు. నల్లటి చుక్కలో, ఎండిన నెత్తురు మరకలో కనబడితే నోరు మెదపకుండా ఇంకో మంచం దగ్గరికి జారుకుంటాడు. నోరు మెదిపితే పక్కవాడు మేలుకుని మంచి మంచం లాగేసుకుంటాడు మరి. పొద్దంతా ఒకే దారిలో నడిచి, ఒకరి సీసాలో నీళ్ళు ఒకరు తాగి, సాయంత్రమయ్యేసరికి మంచాల దగ్గర శత్రువులైపోయే జాతి ఈ నడకవాళ్ళు. వీళ్ళ గురించి ఇంతకంటే మంచిమాట నాకు చేతకాదు.

అక్కతో కలిసి ఈ దారిలో నడుస్తున్న చిన్నది ఈ పనులన్నీ అందరికంటే శ్రద్ధగా చేసేది. ఇంటినుంచి తెచ్చుకున్న తెల్ల దుప్పటి పరుచుకునేది, తెలుపు మీద ఏం పాకినా కనబడుతుందని. విడిచిన బట్టలు ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించి కట్టేది. చెక్క మంచం కంటే ఇనప మంచం నయమని, గోడ పక్కది అన్నిటికంటే పాపిష్టిదని ఆమెకి తెలుసు. అందుకే అక్క ప్రతి హాస్టల్లోనూ ఆమెని గోడ పక్కన చెక్క మంచం మీదికే తోసేది.

నల్లి కుడితే వచ్చేది దురద ఒక్కటే అయితే ఇంత హడావిడి దేనికి? మందు రాస్తే దురద పోతుంది. నల్లి నెత్తురుతో పాటు మనిషి గొంతులో ఆపుకున్న మాటని కూడా పీల్చుకుపోతుంది. తరవాత ఆ నల్లిని ఎవరు నలిపినా, చచ్చేముందు ఆ మాటని ఆ మనిషి గొంతుతోనే పైకి అనేస్తుంది. ఇది చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతే. ప్రతి హాస్టల్లోనూ తలుపు పక్కన బోర్డు వేలాడుతూ ఉంటుంది: నల్లులను గదిలో చంపరాదు, దూరముగా తీసుకుపోయి చంపవలెను, విన్నది తమలోనే ఉంచుకొనవలెను. ఆ బోర్డు కిందే చెప్పుల గురించి, దీపాలార్పే వేళ గురించి కూడా రాసి ఉంటుంది.

చిన్నదని పేరే గాని నలభై దాటిన మనిషి, జుట్టు సగం నెరిసింది. అక్క అలా పిలుస్తుంది కాబట్టి వీధంతా అదే పిలుపు. ఇద్దరికీ ఊళ్ళో ఒక లాండ్రీ ఉంది. ముందు కౌంటరు, మధ్యలో ఇస్త్రీ బల్లలు, వెనక బాయిలరు, దాని పక్క గదిలో ఇద్దరి మంచాలు. కౌంటరు దగ్గర అక్క, వెనక చిన్నది. మాట విసరడంలో అక్కని మించినవాళ్ళు లేరు, మాట మింగడంలో చిన్నదాన్ని మించినవాళ్ళు లేరు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు. అయినా నువ్వో దారి నేనో దారి అని ఇద్దరిలో ఎవరూ అనలేదు.

ఒకసారి మాత్రం చిన్నది ఆసుపత్రి లాండ్రీలో పని కుదుర్చుకుంది. రేపు చేరాలనగా అక్కతో చెప్పింది. అక్క ఏడవలేదు, అరవలేదు. తిన్నగా ఆసుపత్రికి పోయి, మా చిన్నదానికి నీరసం, ఒక్కతీ రోడ్డు దాటలేదు, మీకు తలనొప్పి అవుతుంది అని చెప్పి వచ్చింది. ఆ పని పోయింది. ఇదంతా నీ మంచికే అంది అక్క. చిన్నది ఆ పూటకి అన్నంతో పాటు ఆ మాట కూడా మింగేసింది.

ఇప్పుడు మళ్ళీ ఒక పని కుదిరింది. ఈ నడకదారి చివర, కొండ అవతల ఉన్న ఆఖరి హాస్టల్లో దుప్పట్లూ పరుపులూ చూసుకునే మనిషి కావాలి. ఉండటానికి గది ఇస్తారు. అక్క మోకాళ్ళు చూపించుకోవడానికి డాక్టరు దగ్గరికి పోయినప్పుడు చిన్నది ఫోన్లో మాట్లాడుకుంది. వచ్చి కనబడు, చేతి పని చూసి పెట్టుకుంటాను అంది అక్కడి వార్డెనమ్మ. ఆ డాక్టరే అక్కని నిలబడటం తగ్గించి నడవమన్నాడు. లాండ్రీలో పాత బాయిలరు తీసేసి కొత్తది బిగించేదాకా షాపు మూతే. అలా అయితే ఈ దారిలో నడుద్దాం అక్కా, గాలి మంచిదట అంది చిన్నది, దుప్పటి మడుస్తూ, మొహం దుప్పటి వెనక దాచుకుని.

ఆఖరి హాస్టల్ చేరి, వార్డెనమ్మ ముందు నిలబడి, ఊఁ అనిపించుకునేదాకా ఈ సంగతి అక్కకి తెలియకూడదు. తెలిస్తే అక్క మోకాళ్ళ నొప్పి మర్చిపోయి ముందుగా పరిగెత్తి ఆ వార్డెనమ్మకి కూడా రోడ్డు దాటలేని కథ చెప్పేస్తుంది. అందుకని చిన్నది ఆ దారిలో నల్లికి భయపడినట్టు పాముకి కూడా భయపడలేదు. ఒక్కటి కుట్టి, ఆ ఒక్కటి అక్క చేతిలో నలిగితే చాలు, బతుకు మళ్ళీ బాయిలరు పక్కకే.

అక్కకి అనుమానం రానే వచ్చింది. షాపు మూసిన దగ్గరనుంచి చిన్నది కూనిరాగం తీస్తోంది. ఇన్నేళ్ళలో లేని కూనిరాగం ఎక్కణ్ణుంచి వచ్చింది? దీని కడుపులో ఏదో ఉంది, అది నల్లే లాగాలి అని అక్క నిశ్చయించుకుంది. తనకి మాత్రం నల్లుల భయం లేదు. "నా దగ్గర దాపరికమేముంది? వచ్చింది వచ్చినట్టు మొహం మీదే అనేస్తాను. నన్ను కుట్టిన నల్లికి నోరు పడిపోవాలి" అని వార్డెన్లకి కూడా చెప్పేది, వాళ్ళడక్కపోయినా.

సగం దారిలో, కొండ మలుపు దగ్గరున్న హాస్టల్లో వాన పట్టుకుంది. పెద్ద హాలు, రెండంతస్తుల మంచాలు, దండేల మీద తడి మేజోళ్ళ కంపు. అక్కడ బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన ఒకాయన భార్యతో ఉన్నాడు. అస్తమానం చేతిలో టార్చిలైటుతో పరుపులు వెతుకుతాడని అందరూ ఆయన్ని టార్చిలైటు అనేవాళ్ళు. ఎవరడిగినా అడక్కపోయినా నల్లుల మీద ఉపన్యాసం ఇచ్చేవాడు. భార్య కాలికి బొబ్బలెక్కి నడవలేక ముందురోజు నుంచీ అక్కడే ఆగిపోయారు. ఆవిడ కింది మంచం మీద కూర్చుని పాదానికి మందు రాసుకుంటోంది.

చిన్నదానికి మామూలుగానే గోడ పక్క చెక్క మంచం వచ్చింది. పరుపు కుట్టు పొడుగునా నల్ల చుక్కలే. వేరే మంచం ఖాళీ లేదు. పరుపుని బయటికి ఈడ్చుకుపోదామంటే వాన. చిన్నది కాసేపు నిలబడి చూసి, సంచిలోంచి ఇస్త్రీ పెట్టె తీసింది. లాండ్రీవాళ్ళు ఊరు కదిలితే ఇస్త్రీ పెట్టె లేకుండా కదలరు, డాక్టరు ఎక్కడికెళ్ళినా మందుల పెట్టె మోసుకుపోడూ, అలాగే.

ఇక్కడే చిన్నది ఎవరూ చెయ్యని తప్పు చేసింది. ఊళ్ళో నల్లులు పట్టిన ఇళ్ళవాళ్ళు పరుపు గలీబులన్నీ మూటగట్టి వీళ్ళ లాండ్రీకే పంపేవాళ్ళు. చిన్నది వాటిని బాయిలరు ఆవిరిలో ఉడికించేది. ఆ పాత బాయిలరు మోత ఎంతంటే పక్కన నిలబడి పిలిచినా వినపడదు. వేలకొద్దీ నల్లులు ఆమె చేతిలో చచ్చాయి, ఒక్కటీ కిక్కురుమన్నట్టు ఆమె ఎరగదు. వేడికి చచ్చే నల్లి మాట్లాడదని, నలిపితేనే మాట్లాడుతుందని ఆమె గట్టి నమ్మకం. ఇన్నేళ్ళ పనిలో తెలుసుకున్నదాన్ని ఎవరైనా ఎందుకు శంకిస్తారు?

పెట్టె బాగా కాలనిచ్చి కుట్టు మీద పెట్టి ముందుకి తోసింది.

మొదటి నల్లి ఎవరో ముసలాయన గొంతుతో, "నాకు మా అబ్బాయి పేరు గుర్తు రావట్లేదు" అంది. హాల్లో మాటలు ఆగిపోయాయి. రెండోది ఎవరో అమ్మాయి గొంతు. ఈ నడక నాకక్కర్లేదు, అందరూ వస్తున్నారని వచ్చాను అంది. ఇంకోటి, నాన్న పోతే నాకు ఏడుపు రాలేదు, కళ్ళకి నీళ్ళు రాసుకున్నాను అంది. పెట్టె ఎత్తెయ్యొచ్చు కదా అంటారు. ఇస్త్రీ చేతికి ఆ అలవాటు లేదు. కుట్టు మధ్యలో ఆపితే గుడ్డ మాడుతుంది, మొదలుపెట్టిన గీత చివరిదాకా పోవాల్సిందే. చిన్నదాని చెయ్యి దాని పాటికది పోతూనే ఉంది. మూల తిరిగేచోట ఒక బలిసిన నల్లి పెట్టె కిందికొచ్చింది.

"దీని కాలు ఇంకో రెండ్రోజులు తగ్గకపోతే బాగుండు. ఇక్కడే వదిలేసి ఒక్కణ్ణీ హాయిగా పోయేవాణ్ణి."

టార్చిలైటు గొంతని పోల్చుకోవడానికి ఎవరికీ క్షణం పట్టలేదు, వచ్చిన దగ్గర్నుంచీ ఆ గొంతే కదా అందరి చెవులూ తింటున్నది. ఆయన చేతిలో టార్చి వెలుగుతూనే ఉంది, ఆర్పడం మర్చిపోయాడు. భార్య మందు సీసాకి మూత బిగించింది. నేను పొద్దున బస్సెక్కి ఇంటికి పోతాను, నువ్వు హాయిగా నడువు అంది. గొంతు పెంచలేదు. పడుకుని దుప్పటి ముసుగేసుకుంది.

తరవాత హాలు హాలంతా చిన్నదాని మీద పడింది. ఎవరో ప్లగ్గు పీకేశారు. ఎవరో పెట్టె లాగేసుకున్నారు. ఆ పరుపు మీద తాము పడుకున్నామో లేదో గుర్తులేనివాళ్ళు కూడా తమ మాట ఇంకా ఆ మిగిలిన కుట్టులో ఉందేమోనని వణికిపోయారు, ఆ వణుకంతా తిట్లయింది. కావాలనే చేసింది, ఊళ్ళవాళ్ళ గుట్టు తెలుసుకుని నవ్వుకోవడానికే ఈ వేషం అన్నారు. వార్డెన్ వచ్చి ఇస్త్రీ పెట్టెని బీరువాలో పెట్టి తాళం వేశాడు. అక్క చిన్నదాని పక్షాన ఒక్క మాట అనలేదు. చేతులు కట్టుకుని, తనకేమీ కానట్టు కిటికీలోంచి వాన చూస్తూ నిలబడింది. అది చిన్నదానికి మిగతా తిట్లన్నిటికంటే బాధనిపించింది.

పొద్దున్నే భార్య బస్సెక్కింది. టార్చిలైటు అందరికంటే ముందు బయల్దేరాడు. పెళ్ళాం లేకుండా హాయిగా నడుస్తాననుకున్నవాడు కాస్తా కసితో నడవడం మొదలుపెట్టాడు. ఆగిన ప్రతి హాస్టల్లోనూ, వెనక ఇద్దరు ఇస్త్రీ అక్కచెల్లెళ్ళు వస్తున్నారు, వాళ్ళకి మంచమిచ్చారో మీ గుట్టు వీధిన పడ్డట్టే అని చెప్పుకుంటూ పోయాడు. ఆ మాట నిప్పులా పాకింది. అక్కచెల్లెళ్ళు చేరేసరికి ఎక్కడ చూసినా మంచాలు నిండిపోయాయి. కళ్ళెదురుగా ఖాళీ మంచాలు కనబడుతున్నా, అవి రిజర్వు అనేవాళ్ళు. ఒకచోట వరండాలో పడుకోబెట్టారు. ఇంకోచోట తిండి దగ్గర పక్కన కూర్చున్నవాళ్ళు లేచి కంచాలు పట్టుకుని అవతలికి పోయారు.

దారిపొడవునా అక్క దెప్పుతూనే ఉంది. నీ మొహానికి ఇస్త్రీ ఒకటి తక్కువైంది, నీ వల్ల నా పరువు గంగలో కలిసింది, నేను లేకపోతే నిన్ను కొట్టి చంపేవాళ్ళు అంది. ఆఖరిది పచ్చి అబద్ధం, ఆవిడ చేసిన సాయం వాన చూడటమే. చిన్నది మింగింది. ఆమె భయమంతా వేరు. టార్చిలైటు ముందు పోతున్నాడు, ఈ పాటికి ఆఖరి హాస్టల్ చేరుంటాడు. అక్క దగ్గర దాచుకుంటూ వచ్చిన దారిలో ఈ కొత్త శని ఎక్కడ దాపురించిందిరా దేవుడా అని లోలోపలే ఏడ్చుకుంది.

ఆఖరిదానికి ముందు హాస్టల్లో వాళ్ళకి సామాన్ల గది ఇచ్చారు. చీపుళ్ళు, విరిగిన కుర్చీలు, మధ్యలో ఒకే ఒక్క చెక్క మంచం. దాని సందుల్లో నల్లులు పట్టపగలే తిరుగుతున్నాయి. అక్క సంచి విసిరేసి, చిన్నదాని తెల్ల దుప్పటి పరుచుకుని వాలిపోయింది. చిన్నది బక్కెట్టు బోర్లించి దాని మీద కూర్చుంది.

"పడుకోవే. నిన్నేం కొరుక్కుతింటాయా?"

"నిద్ర రావట్లేదు."

"ఏం దాస్తున్నావే నా దగ్గర?"

చిన్నది బక్కెట్టుని తలుపు దగ్గరికి జరుపుకుంది. అక్క అటు తిరిగి గురకపెట్టింది. తెల్లారేదాకా చిన్నది ఆ బక్కెట్టు మీద అలాగే కూర్చుంది, కునుకు పడితే ఒరిగిపోతానని నడుము తలుపుకి ఆన్చి.

పొద్దున ఎండ పడ్డాక ఇద్దరూ దుప్పటి పట్టుకుని పెరట్లోకి వచ్చారు. అక్క చేతుల నిండా వరసగా దద్దుర్లు. గోక్కుంటూనే తన రెండు మూలలూ పట్టుకుంది. చిన్నది తన రెండు మూలలూ పట్టుకుంది. ఎంత పోట్లాటలో ఉన్నా వాళ్ళు దుప్పటి అలాగే మడిచేవాళ్ళు, దులిపి, సాగదీసి, అంచులు కలుపుకుంటూ ఒకరికెదురు ఒకరు నడిచి. అలా దగ్గరికొచ్చినప్పుడు చిన్నదానికి తెలుపు మీద గోధుమరంగు మచ్చ కనబడింది. లాండ్రీ మనిషికి మచ్చ కనబడితే బుర్ర కంటే ముందు బొటనవేలు పోతుంది. చిన్నది గోరుతో గీకింది. అది మచ్చ కాదు.

"నాకిది అక్కర్లేదు. ఎప్పుడూ అక్కర్లేదు. కానీ పొమ్మంటే ఎక్కడికి పోతుంది?"

అది అక్క గొంతే. కౌంటరు దగ్గర వినపడే గొంతు మాత్రం కాదు. బాగా అలిసిపోయిన మనిషి గొంతు. దుప్పటి ఇద్దరి చేతుల్లో ఉంది, మధ్యలో జానెడు దూరం. అక్క నోరు తెరిచింది. ఆవిడ నోరు తెరిస్తే మాట రాకపోవడం చిన్నది పుట్టి ఎన్నడూ చూడలేదు.

చిన్నదానికి ముందు కోపం వచ్చింది. ఇన్నేళ్ళు ఎవరి కోసం ఆ బాయిలరు పక్కన ఉడికింది? తను పోతే ఇది ఒక్కతీ ఏమైపోతుందో, మోకాళ్ళు పట్టేస్తే ఎవరు లేపుతారో అనే కదా. తీరా చూస్తే ఇదేమో తనని పెంటకుప్ప మీద పారెయ్యలేక ఇంట్లో ఉంచుకున్న పాత సామానులా చూసిందన్నమాట. కోపం గొంతుదాకా వచ్చింది. ఈసారి మింగలేదు.

"నాకు పోవడానికి చోటుంది" అంది. "ఇవాళ చేరే హాస్టల్లో. పని కుదుర్చుకున్నాను. గది కూడా ఇస్తారు."

"ఎప్పుడు?"

"నువ్వు మోకాళ్ళు చూపించుకోవడానికి పోయినప్పుడు."

అక్క దుప్పటి వదిలేసింది. అది మట్టిలో పడింది, ఎవరూ తియ్యలేదు. "మరి ముందే ఏడవొచ్చు కదే" అంది అక్క. "నీ కోసం నేను పెళ్ళి చేసుకుంటానన్న ఆ బట్టలకి రంగులద్దే ఆయన్ని కాదన్నాను. ఇంటికొస్తానన్న మనిషిని, మా చిన్నది ఉందండీ, దాన్నెక్కడ పెట్టను అన్నాను. ఆయన వేరే ఇల్లు చూసుకున్నాడు. అదీ నీ ఖాతాలోదే."

"నేను కాదనమన్నానా?"

"అడగవు. నువ్వేదీ అడగవు. మొద్దులా నిలబడతావు, చూసినవాళ్ళకి జాలేస్తుంది. జాలిపడి చచ్చాను నేను."

"ఆసుపత్రి పని పోగొట్టింది జాలితోనేనా?"

"మరి దేనితో? పంపాక నువ్వు ఏడుస్తూ తిరిగొస్తే నిన్ను రెండోసారి మొయ్యాలి కదా."

ఇంకా చాలా అనుకున్నారు. అవన్నీ రాస్తే నా నోరు కంపుకొడుతుంది. వంటగదిలోంచి తొంగిచూసిన వార్డెన్ వీళ్ళు కొట్టుకుంటారేమోనని కత్తులు సొరుగులో పెట్టేశాడు. కొట్టుకోలేదు. ఇన్నేళ్ళుగా ఒకరికోసం ఒకరు పడ్డ పాట్లన్నీ ఒకరి మొహాన ఒకరు కొట్టుకున్నారు, అంతే. తరవాత అక్క ముందూ, చిన్నది వెనకా, మధ్యలో ఇంకో పదిమంది పట్టేంత దూరం ఉంచి కొండెక్కారు. వెనక నడుస్తున్న చిన్నదానికి ఒకటే బెంగ. అక్క ముందు చేరుతుంది. ముందు మాట్లాడుతుంది. ఇప్పుడు కసి కూడా తోడైంది, ఇక చెప్పేదేముంది.

ఆఖరి హాస్టల్ రాతి గోడల ఇల్లు, ముందు అరుగు, వెనక పెద్ద నీళ్ళ మోటారు. అరుగు మీద టార్చిలైటు వేడినీళ్ళ బేసిన్‌లో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన వార్డెనమ్మ నడుముకి చెంగు బిగించి నిలబడి ఉంది. ఆయన చెప్పాల్సింది చెప్పేసినట్టు వార్డెనమ్మ మొహం చూస్తేనే తెలుస్తోంది. అక్క గేటు దగ్గర ఆగిపోయింది, లోపలికి పోలేదు. చిన్నది ఆవిణ్ణి దాటుకుని వెళ్ళింది.

"ఫోన్లో మాట్లాడింది నేనేనండీ" అంది. "చేతి పని చూసి పెట్టుకుంటానన్నారు. చూడండి."

"చూడక్కర్లేదు, విన్నాను" అంది వార్డెనమ్మ. "నా హాస్టల్లో ఏటా ఎంతోమంది పడుకుంటారు. మొగుడూ పెళ్ళాలు వస్తారు, అన్నదమ్ములు వస్తారు. నీ చేతికి పరుపులిస్తే వాళ్ళ గుట్టంతా నీ చెవిన పడుతుంది. రేపు నువ్వు ఎవరితో ఏమంటావో. వద్దు తల్లీ, వేరే చోటు చూసుకో."

టార్చిలైటు తృప్తిగా కాళ్ళు ఆడించాడు. చిన్నదానికి పొద్దుట్నుంచీ వచ్చిన మాటలన్నీ అక్కతోనే అయిపోయాయి. గేటు చప్పుడైంది. అక్క వస్తోంది. అయిపోయింది అనుకుంది చిన్నది. ఆసుపత్రి వరండాలో కూడా అక్క ఇలాగే నడిచి ఉంటుంది అనుకుని కళ్ళు మూసుకుంది.

"ఇదిగో అమ్మా" అంది అక్క, కౌంటరు దగ్గర గొంతుతో. "ఊళ్ళో సగం ఇళ్ళ నల్లుల్ని ఇదే ఉడికించింది. అది అలా ఉంచు. దీని కడుపులో ఒక మాట ఉందని తెలిసి, ఈ దారంతా దీన్ని గోడ పక్కన పడుకోబెట్టాను, నల్లులకి ఎర వేసినట్టు. తెల్లవార్లూ బక్కెట్టు మీదైనా కూర్చుంది గాని చెప్పలేదు. తోడబుట్టినదాన్ని, నాకు చెప్పలేదు. నా వల్ల కాలేదు, నల్లుల వల్ల కాలేదు. నీ దగ్గర పడుకునేవాళ్ళ మాటలు దీని నోట వస్తాయా? ఇంత మొండిదాన్ని నువ్వు ఇంకెక్కడ వెతుకుతావు?"

వార్డెనమ్మ చిన్నదాన్ని పైనుంచి కిందిదాకా చూసింది. అవునా అని అడిగింది. చిన్నది ఏమీ అనలేదు. ఆ అనకపోవడం చూసి వార్డెనమ్మ కొంచెం మెత్తబడింది. పరుపుల పనంతా వెనక షెడ్డులో చెయ్యాలి, మోటారు ఆడుతున్నప్పుడే ఇస్త్రీ పెట్టె ముట్టుకోవాలి, ఆ మోతలో ఏం వినపడినా వినపడనట్టే అంది. చిన్నది తలూపింది. టార్చిలైటు ఏదో అనబోతే, అక్క ఆయన వైపు తిరిగి, మీ ఆవిడ బస్సులో హాయిగా పోయింది, కిటికీ పక్క సీటు దొరికింది అంది. ఆయన బేసిన్‌లోంచి కాళ్ళు తీసుకుని లోపలికి పోయాడు.

మధ్యాహ్నం బస్సుకి ఇంకా వేళ ఉంది. అయినా అక్క కూర్చోలేదు, టీ తాగమన్నా తాగలేదు. చిన్నది గేటుదాకా వచ్చింది.

"ఫోన్లు చెయ్యకు. కొత్త బాయిలరు పని చూసుకోవాలి, నాకు తీరిక ఉండదు" అంది అక్క.

"చెయ్యను."

"ఏడుస్తూ వచ్చావో, గుమ్మం ఎక్కనివ్వను."

"రాను."

అక్క ఇంకా నిలబడే ఉంది. చేతి మీది దద్దుర్లు గోక్కుంటోంది. చిన్నది గేటు తీసి పట్టుకుంది. "వెళ్ళక్కా" అంది చివరికి. అక్క వెళ్ళింది, వెనక్కి తిరక్కుండా, మోకాళ్ళు పట్టుకుని దిగుడు దిగుతూ.

చిన్నది షెడ్డులోకి పోయి మోటారు వేసింది. వార్డెనమ్మ ఇచ్చిన పాత ఇస్త్రీ పెట్టె కాలనిచ్చి, మొదటి పరుపు బల్ల మీదికి లాగింది. మోటారు మోతలో నల్లులు ఏమన్నాయో ఆమెకి తెలియదు. కళ్ళ వెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి, చెయ్యి మాత్రం కుట్టు చివరిదాకా తిన్నగా పోయింది.

కింద రోడ్డు మీద బస్సొచ్చింది. ఎన్ని టిక్కెట్లని కండక్టరు అడిగితే అక్క అలవాటుగా రెండు అంది. ఆయన రెండు చింపి ఇచ్చాడు. అప్పటికి గాని అక్కకి తెలియలేదు. తప్పైంది, ఒకటి వెనక్కి తీసుకో అని ఒక మాట అంటే పోయేది. అక్క తప్పు ఒప్పుకునే రకం కాదు. రెండు టిక్కెట్లూ గుప్పిట్లో పట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. తరవాతి స్టాపులో ఒకావిడ ఎక్కి, సంచి కొంచెం జరపమ్మా, ఇక్కడ ఎవరూ లేరు కదా అంది.

"ఉంది" అంది అక్క. "టిక్కెట్టు కూడా ఉంది."